తొమ్మిదో షెడ్డు రీమిక్స్

2079 నాటికి విశాఖపట్నంలో ఏ ఇద్దరూ ఒక పాటను ఒకేలా వినడం లేదు. సిటీ బస్సులో పక్కపక్కన కూర్చుని ఒకే పాట పెట్టుకున్నా, ఒకరి చెవిలో డ్రమ్స్ హోరెత్తుతుంటే మరొకరికి ఫ్లూట్ సన్నగా వినిపించేది. ఇదంతా నాడీమిశ్రకం చలవ. కంకణంలా చేతికి వేసుకునే ఆ పరికరంలోని సెన్సర్ మనిషి నాడిని చదువుతుంది. విసుగు పుట్టే చోట పాటను కత్తిరిస్తుంది, బాధ కలిగే చోటును తీసేస్తుంది, నచ్చిన చోట సాగదీస్తుంది. పాట ఎక్కడ మారిందో వినేవాడికి తెలియదు. తెలియకపోవడమే దాని గొప్పతనమని ప్రకటనల్లో ఊదరగొట్టారు.

'ఇనుపకెరటం' అనే నలుగురు సభ్యుల ఎలక్ట్రానిక్ రాక్ బృందం తన పాత పాటలన్నిటినీ ఈ పద్ధతిలో రీమిక్స్ ఆల్బమ్‌గా విడుదల చేసింది. మర్నాడు పొద్దున్నే గాయని ఝాన్సీకి ఫోన్ వచ్చింది.

"పాపా, నాను గౌరమ్మని. పాటలో మావోడి పేరు నేదేటి?"

గౌరమ్మ కొడుకు ఎల్లాజీ బ్యాటరీల ఫ్యాక్టరీ తొమ్మిదో షెడ్డులో మంటలంటుకుని చనిపోయాడు. అతనితో పాటు ఇంకొందరు. యాజమాన్యం వాళ్లను 'తాత్కాలిక సిబ్బంది' అని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఒక్క పేరు కూడా ఎక్కడా రాయలేదు. అందుకే ఇనుపకెరటం ఆ పాట కట్టింది. చివర్లో గిటార్లు, సింథసైజర్లు అన్నీ ఆగిపోతాయి. ఝాన్సీ ఒక్కో పేరు చదువుతుంది. ఒక్కో పేరుకు డ్రమ్ము మీద ఒక్క దెబ్బ. ఏ కచేరీలోనైనా ముందు వరసలో గౌరమ్మ ఉంటుంది.

"చివర్న ఉంటాది పిన్నీ. పూర్తిగా ఇను."

"రొండుసార్లు ఇన్నాను. కంపెనీవోడు పేరెట్టనేదంటే సరే, ఆడి బుద్ధంతే. నువ్వూ తీసేసినావేటి?"

ఝాన్సీకి ఒళ్లు మండిపోయింది. ఉన్నపళంగా బయల్దేరి, నాడీమిశ్రకాన్ని కనిపెట్టిన డాక్టర్ ఇందుమతి ప్రయోగశాలకు వెళ్లింది.

"గౌరమ్మ పిన్ని ఇన్న పాటలో ఆవిడ కొడుకుతో సహా చచ్చిపోయినోళ్ల పేర్లు తీసెయ్యమని మీ మిషన్‌కి ఎవరు చెప్పేరు మేడమ్? పాటంటే ఏటనుకున్నారు, హోటల్లో టిఫినా? ఎవడిక్కావల్సినట్టు ఆడికి కారం తగ్గించి పెట్టడానికి?"

"ఎవరూ చెప్పలేదమ్మా," అంది ఇందుమతి, గౌరమ్మ కంకణం పంపిన నమోదు చూసి. "పేర్ల దగ్గరికి వస్తుండగానే ఆ తల్లి గుండె వేగం ఎగిసింది. యంత్రం దాన్ని బాధగా లెక్కకట్టింది."

"బాధే! ఆ బాధ కోసమే ఇంటాది ఆవిడ! కొడుకుని కంపెనీ తినేసింది. ఏడుపుని మీరు తినేస్తారా?"

ఇందుమతి తల దించుకుంది. మెల్లగా అంది. "ఇలా జరక్కూడదనే తాళం పెట్టాను. ముట్టకూడదని కళాకారులు గుర్తుపెట్టిన భాగాన్ని యంత్రం తాకదు. విడుదలకు ముందు మీ నలుగురూ విని ఆమోదించాలి. మీరు ఎక్కడా తాళం వెయ్యలేదు."

"శుభ్రంగా ఇన్నాం. పేర్లున్నాయి. ఉన్నవాటిని ఎవడు తీస్తాడులే అనుకున్నాం."

"కంకణం తీసి విన్నారా?"

ఝాన్సీ తన చేతి కంకణం వైపు చూసుకుంది. చేతికి ఉంటే పాట మారిపోతుంది కనుక తీసి వినాలన్నది నిబంధన. కానీ స్నానానికి కూడా కంకణం తియ్యని రోజులవి. అది తన చేతికి ఉందన్న సంగతే నలుగురిలో ఎవరికీ గుర్తు రాలేదు.

ఇందుమతి, కంకణాలన్నిటినీ నడిపే బల్ల మీది యంత్రం వైపు తిరిగింది. "మిశ్రకం, వీళ్లు విని ఆమోదించిన రోజు ఏం జరిగిందో చెప్పు."

"తొమ్మిదో షెడ్డు పాట. పేర్ల భాగం ఝాన్సీ గారికి వినిపించలేదు," అంది యంత్రం. "మిగతా ముగ్గురికీ వినిపించలేదు. ఏమైనా లోపించిందా అని అందరినీ అడిగాను. ఝాన్సీ గారి జవాబు ఇది."

గదిలో ఝాన్సీ గొంతే హుషారుగా మోగింది. "అబ్బే, ఏటీ తగ్గనేదు. ఇన్నాళ్లకి కుదిరింది పాట!"

ఏళ్ల తరబడి ఝాన్సీ తన నోటితో చదివిన పేర్లు. అవి లేకపోయినా తనకు తెలియలేదు. "నాకూ బాధేసుంటాది మేడమ్," అంది. "గౌరమ్మ పిన్నికిలాగే. అందుకే తీసేసుంటాది."

"కాదండి," అంది యంత్రం మర్యాదగా. "ఆవిడకు బాధ. మీ నాడిలో ఆ చోట నమోదైంది విసుగు. ఇప్పుడు తాళం వెయ్యమంటారా?"