పదహారో గేమ్, ఒకే ఒక్క అరెస్ట్

"ఒక్కణ్ణే," అన్నాడు భాస్కర్. "ఒక్కణ్ణే పట్టుకోగలం, జితేందర్. రెండో ఛాన్స్ లేదు."

అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఒక హోటల్ వెనక ఆపిన వ్యాన్‌లో బ్రీఫింగ్. గూఢచారి ఏజెన్సీ చీఫ్ భాస్కర్ వెటకారం లేకుండా గుడ్ మార్నింగ్ కూడా చెప్పలేడు. అలాంటిది ఇవాళ గొంతులో ఆ వెటకారం లేదు. ఏజెంట్ జితేందర్‌కి సగం ప్రాణం అక్కడే పోయింది.

హోటల్లో పిల్లల చెస్ టోర్నమెంట్ జరుగుతోంది. ఆట జరిగే హాల్లోకి పెద్దల్ని రానివ్వరు. అందుకని తల్లిదండ్రులంతా పక్క హాల్లో కూర్చుని గ్రీన్ కార్డ్ కబుర్లు చెప్పుకుంటుంటారు. వాళ్ళలో ఒకరు విదేశీ ముఠాకి కబుర్లు మోసే కొరియర్. కోడ్ నేమ్ 'గుర్రం'.

"అతని దగ్గరేముంది?"

"త్రివేణి పేరు."

త్రివేణి డబుల్ ఏజెంట్. జెర్సీ సిటీ టవర్‌లో ముఠా నాయకుడు రాజ్ పార్టీలకి పట్టుచీరల్లో మెరిసిపోతూ, అతని పాచి జోకులకి పగలబడి నవ్వుతూ, చెవి జూకాల్లో మైక్ పెట్టుకుని తిరుగుతోంది. ఆ పనికి ఆమెను ఒప్పించింది జితేందరే. ఆర్నెల్ల పని అన్నాడు. రెండేళ్ళయింది.

"ద్రోహి ఎవరో ఇవాళ తేలుతుందని రాజ్ చెప్పాడు," అన్నాడు భాస్కర్. "అందరి ఫోన్లూ లాక్కున్నాడు. ఫ్లాట్ దాటి ఎవర్నీ పోనివ్వడం లేదు. గుర్రం మెసేజ్ కోసం కూర్చున్నారు. ద్రోహి లేకపోతే 'డ్రా' అని వస్తుంది. ఉంటే పేరు వస్తుంది."

"ఇంకా ఎందుకు పంపలేదు?"

"హాల్లో సిగ్నల్స్ పోకుండా జామర్ పెట్టాం. మన ఫ్రీక్వెన్సీ ఒక్కటే పనిచేస్తుంది. ఒంటరిగా లేస్తే ఎవరి కంట్లోనైనా పడతానని గుర్రం కదలడం లేదు. చివరి రౌండ్ అయ్యి పిల్లలు బయటికొస్తే పెద్దలంతా లేస్తారు. గుర్రం తలుపు దాటితే త్రివేణి పని అయిపోయినట్టే."

"అందర్నీ ఆపేద్దాం."

"పార్కింగ్‌లో వాళ్ళ మనిషి కాపలా ఉన్నాడు. గొడవ కనబడితే జెర్సీకి ఫోన్ కొడతాడు. ఒక్కణ్ణయితే సైడ్ డోర్ నుంచి సైలెంట్‌గా తీసుకుపోవచ్చు. చెస్‌లో రూల్ ఉంది కదా, ముట్టుకున్న పావే కదపాలని. ఇదీ అంతే. తప్పు మనిషిని ముట్టుకున్నావో..."

"గుర్రం గురించి ఏం తెలుసు?"

"తెలుగువాళ్ళు. చెస్ పిచ్చి. వరల్డ్ ఛాంపియన్‌షిప్ గేమ్స్ అన్నీ కంఠతా వచ్చు. అంతే."

కాసేపటికి పెట్టుడు గడ్డం, గళ్ళ టైతో జితేందర్ 'కోచ్ జేడీ' వేషంలో పెద్దల హాల్లోకి నడిచాడు. గోడకి పెద్ద డెమో బోర్డ్ తగిలించి, "పేరెంట్స్‌కి ఫ్రీ లెక్చర్," అన్నాడు. ఫ్రీ అన్నా ఎవరూ తలెత్తలేదు. పద్మజ అనే ఆవిడ అల్యూమినియం ట్రేలో పులిహోర పంచుతోంది. రాకేష్ అనే అతను లాప్‌టాప్‌లో ఆఫీస్ పనికి మొహం అప్పగించి కూర్చున్నాడు. ముందు వరసలో బ్రహ్మయ్య అనే పెద్దాయన మంకీ క్యాప్ పెట్టుకుని, చెవిలో హియరింగ్ ఎయిడ్‌తో కునుకు తీస్తున్నాడు.

"పులిహోర తినండి బాబాయ్ గారూ," అంది పద్మజ.

"వద్దమ్మా, షుగరు. మనవడి కోసం వచ్చాను. నాకు పేకాట తప్ప ఏమీ రాదు," అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు బ్రహ్మయ్య.

"మాస్కో, 1985," మొదలుపెట్టాడు జితేందర్. "ప్రపంచ ఛాంపియన్‌షిప్, పదహారో గేమ్. తెల్లపావులు కార్పోవ్‌వి. తొందర లేని మనిషి. ఎదుటివాడికి ఊపిరాడకుండా చేసి, నెమ్మదిగా గెలుస్తాడు. నల్లపావులు కాస్పరోవ్‌వి. ఇరవై రెండేళ్ళవాడు, ముట్టుకుంటే మంటే. ఎనిమిదో ఎత్తులోనే ఈ5కి బంటుని తోసి బలిచ్చేశాడు."

బ్రహ్మయ్య గురక ఒకసారి తడబడింది. జితేందర్ పట్టించుకోలేదు. ఇయర్‌పీస్‌లో అప్పుడే త్రివేణి గొంతు వినబడింది.

"టీ చల్లారిపోయింది, రాజ్."

అది కోడ్. నేను ప్రమాదంలో ఉన్నానని అర్థం. జితేందర్ వినగలడు. బదులు చెప్పలేడు.

"పదహారో ఎత్తు," అన్నాడు, బోర్డ్ వైపు తిరిగి. "నల్ల గుర్రం డి3లో దిగింది. చూడండి. తెలుపుకి పావులన్నీ ఉన్నాయి. ఒక బంటు ఎక్కువే. ఏం లాభం? ఆ ఒక్క గుర్రం నట్టింట్లో కూర్చునేసరికి ఏ పావుకీ పోవడానికి చోటు లేదు. జీవితమంతా ఎదుటివాళ్ళకి ఊపిరాడనివ్వని మనిషికి ఆ రోజు తనకే ఊపిరాడలేదు."

ఎవరూ చూడలేదు. జితేందర్‌కి మాత్రం బోర్డ్ మీద తనే కనబడ్డాడు. వ్యానుంది, టీముంది, తుపాకీ ఉంది. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది తన పని.

"చివరి రెండు బోర్డుల్లోనే ఆట మిగిలింది," అన్నాడు చెవిలో భాస్కర్. "ఏదో ఒకటి చెయ్."

అప్పుడు గుర్తొచ్చింది జితేందర్‌కి. చెస్ ఆడేవాళ్ళకి ఒక రోగం ఉంది. ఎవడైనా తప్పు ఎత్తు చూపిస్తే నోరు ఊరుకోదు. కాలేజీ రోజుల్లో ఆ రోగం తనకీ ఉండేది.

"తెల్ల బిషప్ వెనక్కి, ఈ3కి వచ్చింది," అన్నాడు కావాలనే. రావాల్సింది హెచ్4కి.

రాకేష్ తలెత్తి, ఛార్జర్ ప్లగ్ కోసం గోడ చూసి, మళ్ళీ దించేశాడు. పద్మజ ప్లేట్లు సర్దుతోంది. ముందు వరసలో గురక ఆగింది.

"సారీ, హెచ్4."

గురక మొదలైంది.

జితేందర్ చూపు పెద్దాయన మీద నిలిచింది. కానీ ముసలాళ్ళ గురక నూటయాభై కారణాలకి ఆగుతుంది. గురక నమ్ముకుని త్రివేణి ప్రాణాన్ని పందెం కాయలేడు. పక్క హాల్లో కుర్చీలు జరిగాయి. తలుపు తెరుచుకుంది. "మామ్, ఐ వన్!" అంటూ పిల్లలు పోటెత్తారు. పెద్దలంతా లేచారు. బ్రహ్మయ్య కూడా కళ్ళు తెరిచి చేతికర్ర అందుకున్నాడు.

"రాజ్ ఇప్పుడే తలుపు గడియ పెట్టాడు," అన్నాడు చెవిలో భాస్కర్.

చేతులు కట్టేసినట్టుంది జితేందర్‌కి. ఇక మిగిలింది నోరే. హాలంతా దద్దరిల్లేలా అరిచాడు.

"మొత్తానికి ఆ గేమ్ డ్రా అయ్యింది! కాస్పరోవ్‌కి గెలవడం చేతకాలేదు!"

చేతికర్ర టపీమని నేలకి తగిలింది.

"డ్రా ఏంటయ్యా, నీ మొహం!" బ్రహ్మయ్య ఊగిపోయాడు. "నలభయ్యో ఎత్తు, రూక్ ఈ1 చెక్! తెలుపు రిజైన్! అలాంటి గేమ్‌ని డ్రా అనడానికి నోరెలా వచ్చింది నీకు?"

అన్నాక గాని తెలియలేదు ఆయనకి, ఏమన్నాడో. చెయ్యి హియరింగ్ ఎయిడ్ మీదికి పోయింది. జితేందర్ చెయ్యి అంతకంటే ముందు పోయింది.

"మీరు రండి, తాతగారూ," అన్నాడు మెల్లగా, మోచెయ్యి పట్టుకుని. సైడ్ డోర్ మూసుకుంది. పిల్లల్లో ఒక్కరు కూడా తాతయ్య ఏడని అడగలేదు.

హియరింగ్ ఎయిడ్‌లో ట్రాన్స్‌మిటర్ ఉంది. దానిలో 'త్రివేణి' అన్న మెసేజ్ ముందే ఎక్కించి ఉంది, పంపడమే తరువాయి. భాస్కర్ దాన్ని వ్యాన్‌లోని కంప్యూటర్‌కి తగిలించి, ఆ పేరు చెరిపి 'డ్రా' అని కొట్టి పంపాడు.

బేడీలు వేయించుకుంటూ బ్రహ్మయ్య జితేందర్ వైపు తిరిగాడు.

"బిషప్‌ని కావాలనే తప్పు పెట్టావు. అర్థమైంది. మరి ఎనిమిదో ఎత్తు? అది డి5. అదీ కావాలనేనా?"

జితేందర్ పెట్టుడు గడ్డం పీకేశాడు. అది కావాలని చెప్పింది కాదు.

ఇయర్‌పీస్‌లో ఫోన్ మోగిన చప్పుడు వినబడింది. ఎవరో కుర్చీ జరిపారు. తర్వాత రాజ్ నవ్వు.

"డ్రా! అందరూ మనవాళ్ళే."

"అయితే ఇక నేను బయల్దేరనా?" త్రివేణి గొంతు.

"ఎక్కడికి? ఇంత నమ్మకమైన మనిషిని వదులుకుంటానా? ఇవాళ్టినుంచి నా పక్కనే ఉండాలి నువ్వు. ఇంకో కప్పు టీ తాగు."

జితేందర్ కళ్ళు మూసుకున్నాడు. ప్రాణం దక్కింది. త్రివేణి ఉన్న గడి మాత్రం అదే.

"తాగుతాను," అంది త్రివేణి. "ఈసారైనా వేడిగా తెమ్మనండి."