రెండు వారాల అతిథి

"లోపల ఎవరండీ? బండి తీయాలి!"

మైటే వ్యాన్ తలుపు మీద గట్టిగా కొట్టింది. లోపల వినిపిస్తున్న ఈల పాట టక్కున ఆగింది. తలుపు పక్కకి జరిగింది. ఒక చేతిలో కాఫీ కప్పు, చెంపల నిండా గడ్డం గీసుకునే నురగతో ఒక యువకుడు తొంగిచూశాడు.

"గుడ్ మార్నింగ్! కాఫీ తాగుతారా?"

"బండి తీస్తారా?"

"ఎందుకండీ? నేషనల్ ఫారెస్టే కదా, ఎక్కడైనా ఉండొచ్చన్నారే!"

"అన్నవాళ్ళని కూడా పిలవండి, ఒకేసారి చెప్తాను. రోడ్డు అంచు నుంచి బండి పొడవంత దూరంలో ఆపుకోవాలి. మీరేమో మైదానం మధ్యకొచ్చి మకాం పెట్టారు. వెనక్కి తిరిగి చూడండి."

అతను చూశాడు. మోకాలెత్తు ఎండుగడ్డిని నలుపుకుంటూ రెండు చక్రాల జాడలు రోడ్డుదాకా ఉన్నాయి.

"బండి కింద పొగగొట్టం ఎంత వేడెక్కుతుందో తెలుసా? ఆగస్టు గడ్డికి అది తగిలితే మీ కాఫీ సంగతి అలా ఉంచండి, కొండంతా కాలిపోతుంది."

అతను కప్పు కింద పెట్టేశాడు. "ఇది నాకు తెలీదండీ. నిజంగా తెలీదు."

వాదన పెట్టుకుంటాడనుకుని సిద్ధమై వచ్చిన మైటేకి కాస్త నిరాశ కలిగింది.

అతని పేరు కార్బిన్ టటిల్. అమెరికాలో, ఐడహో కొండల్లోని చిన్న ఊళ్ళు తిరుగుతూ చర్చీల్లో, బడుల్లో, బార్లలో పియానోలకు శ్రుతి చేస్తాడు. వ్యాన్‌లోనే కాపురం. మైటే ఎచెవెరియా ఆ అడవిలో రేంజరు. గొర్రెలు కాయడానికి స్పెయిన్ నుంచి ఆ కొండలకు వలస వచ్చిన బాస్కు జాతి వాళ్ళ మనవరాలు.

రోడ్డు పక్కన, మునుపటి వాళ్ళు మకాం చేయడంతో గట్టిపడిన నేలను ఆమె చూపించింది. "ఇదిగో, ఇక్కడ. కొత్త చోటు చేయకూడదు. వాగు నీళ్ళకి దూరంగా ఉండాలి. నిప్పు మీద ఈ నెలంతా నిషేధం, గ్యాసు పొయ్యి తప్ప ఏదీ వెలిగించకూడదు. చెత్త ఒక్క ముక్క కూడా మిగలకూడదు. గుంత తవ్వారా?"

"గుంత దేనికి?"

"పొద్దున్నే లేచాక దేనికి వెళ్తారో దానికి."

"అయ్యో! పేరైనా అడగకుండా ఇదా అడిగేది?"

"పేరుతో అడవికి పనిలేదు. తవ్వారా, లేదా?"

"తవ్వాను తల్లీ, తవ్వాను!"

"మంచిది. రెండు వారాలు దాటితే ఖాళీ చేయాలి. ఇది అడవి, ఇల్లు కాదు."

"మీరు అందరితో ఇలాగే మాట్లాడతారా, లేక నా మొహం చూస్తే కోపమొస్తోందా?"

"మొహం కనబడితే కదా! ముందా నురగ తుడుచుకోండి."

జీపు ఎక్కి మలుపు తిరిగేదాకా ఆమె నవ్వు ఆపుకుంది.

తర్వాత ఆ దారిలో గస్తీ కొంచెం ఎక్కువైంది. వెళ్ళినప్పుడల్లా కార్బిన్ దగ్గర కొత్త సందేహం ఒకటి సిద్ధంగా ఉండేది.

"చెట్టుకి బట్టలారేసే తాడు కట్టొచ్చా?"

"కట్టొచ్చు. మేకు కొడితే మాత్రం ఊరుకోను."

"ఉడుత నా రొట్టె ఎత్తుకుపోయింది. ఫిర్యాదు ఎవరికివ్వాలి?"

"ఉడుతకే. రొట్టె బయట వదిలింది మీరు."

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వడగళ్ళవాన మొదలైంది. బయట నిలబడి ఉపన్యాసం ఇస్తున్న మైటేని "రూల్స్ లోపలికొచ్చి చెప్పండి!" అంటూ కార్బిన్ చెయ్యి పట్టి వ్యాన్‌లోకి లాగాడు. రేకు మీద వాన దడదడలాడుతోంది. ఆమె టోపీ అంచు నుంచి నీళ్ళు అతని కాఫీలోకి కారుతున్నాయి. ఇద్దరిలో ఎవరూ కప్పు జరపలేదు.

గోడకి వేలాడుతున్న రెండు కొమ్ముల ఉక్కు కడ్డీ ఒకటి తీసి, మోకాలికి తాకించి, దాని కాడను ఆమె చెవి వెనక మెల్లగా ఆనించాడు. సన్నటి నాదం ఆమె తలంతా నిండింది.

"ఇది శ్రుతి కడ్డీ. ఏ ఊరు తీసుకెళ్ళినా ఇదే స్వరం పలుకుతుంది. మారదు."

"మరి మీరు?"

"నేనా? రెండు వారాలకోసారి మారిపోతాను. మీ రూలేగా!"

అతను సరదాకే అన్నాడు. మైటే నవ్వింది కూడా. కానీ వాన తగ్గకుండానే లేచి వెళ్ళిపోయింది. ఎన్ని వ్యాన్లు వచ్చి వెళ్ళడం చూసిందో! వెళ్ళినవాళ్ళు చెయ్యి ఊపుతారు. తిరిగి మాత్రం రారు.

గడువు ముగిసిన రోజు ఆమె కావాలనే ఇంకో దారిలో గస్తీకి వెళ్ళింది. మర్నాడు వచ్చి చూస్తే అక్కడ ఒక్క కాగితం ముక్క కూడా లేదు. నలిగిన గడ్డిని సైతం చేత్తో లేపి సరిచేశాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరక్క ఆమెకి మరీ ఒళ్ళు మండింది.

వారం గడిచింది. కొండ మలుపులో ఉండగా సరిగ్గా ఆ చోటి నుంచే పొగ కనిపించింది. మైటే జీపును పరుగెత్తించింది.

రాళ్ళ మధ్య పొయ్యి పొగలు కక్కుతోంది. దాని ముందు మసి చేతులతో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు కార్బిన్.

"మీరా!" ఆమె జీపులోంచి కిందికి దూకింది. "ఎవరేం చేసినా మీరు చేయరనుకున్నాను. గడువైపోయింది. పైగా నిప్పు! ఇన్నాళ్ళూ నన్ను ఆట పట్టించడానికేనా అన్నీ అడిగింది?"

"తిట్లు తర్వాత. ముందు పార తీసుకురండి, నీళ్ళు కూడా!"

ఆమె తెచ్చింది. ఒకరు నీళ్ళు పోస్తే ఒకరు కలియబెట్టారు. బూడిద చల్లబడిందని ఆమె చేత్తో తడిమి చూసుకుంది. మైటే చలానా పుస్తకం తీసింది.

"ఇది నేను వెలిగించలేదు," అన్నాడతను.

"అందరూ అదే అంటారు."

"ఏయ్! మా నిప్పు ఎవరు ఆర్పారు?"

ఇద్దరూ తిరిగి చూశారు. వాగులో స్నానం చేసి ఒక భారీ మనిషి, అతని భార్య వస్తున్నారు. ఇద్దరి చేతుల్లోనూ పుల్లలకు గుచ్చిన పచ్చి సాసేజీలు ఉన్నాయి.

మైటే పెన్ను గాలిలోనే ఆగిపోయింది. తర్వాత అది ఆ పెద్దమనిషి పేరు రాయడానికి దిగింది.

"అయితే ఇవి ఎలా కాల్చుకోవాలి?" అన్నాడాయన జాలిగా.

"ఊళ్ళో హోటలుంది, వెళ్ళండి!"

వాళ్ళు సణుక్కుంటూ సామాను సర్దుకున్నారు. అప్పుడు చూసింది మైటే, కార్బిన్ కుడి అరచేతినిండా బొబ్బలు.

"ఇదేంటి?"

"ఒక కట్టె దొర్లి గడ్డి అంచు అంటుకుంది. నా దగ్గర పార లేదు. చేత్తోనే వెనక్కి లాగేశాను."

"బుద్ధుందా నీకు? ఆ చెయ్యే కదా నీ బతుకు!" అంది. 'మీరు' కాస్తా 'నువ్వు' అయిందని ఆమెకే తెలియలేదు. మందుల పెట్టె తెచ్చి కట్టు కట్టడం మొదలుపెట్టింది. "నన్ను క్షమించు. ఏమీ అడక్కుండా నోటికొచ్చినట్టు అన్నాను."

"పర్లేదు. చూసినవాళ్ళెవరైనా అలాగే అనుకుంటారు."

"అసలు ఎందుకొచ్చావు ఇటు?"

"మీ ఆఫీసులో అడిగితే ఈ దారిలో ఉంటావన్నారు. ఒక మాట చెబుదామని." అతను కట్టు వైపు చూస్తూ అన్నాడు. "ఊళ్ళో ఇనప సామాన్ల కొట్టు మీద గది అద్దెకి తీసుకున్నాను. అడవిలో అయితే రెండు వారాలే గానీ, ఊళ్ళో ఎంతకాలమైనా ఉండొచ్చట. కనుక్కున్నాను."

"ఎందుకు తీసుకున్నావు?"

"నిన్ను చూడకుండా వారం గడిపాను. బాగాలేదు."

మైటే కట్టు ముడి విప్పి మళ్ళీ వేసింది. అది మొదటే సరిగ్గా ఉంది. "ఆదివారం మా అమ్మమ్మ భోజనానికి రమ్మంది," అంది నేల చూపులు చూస్తూ.

"నేను ఆవిడకెలా తెలుసు?"

"నిన్ను తిట్టడం రోజూ వింటోంది. తెలియకుండా ఎలా ఉంటావు?"

ఆదివారం నాడు పొడవాటి బల్ల చుట్టూ మేనమామలు, పిన్నులు కూర్చున్నారు. మధ్యలో గొర్రెమాంసం, ఎర్రమిరపకాయల వేపుడు, ఎర్ర వైను. తలుపు దగ్గర బెరుగ్గా నిలబడ్డ కార్బిన్‌ని అమ్మమ్మ ఎస్తిబాలిస్ ఎగాదిగా చూసింది.

"చక్రాల బండిలో ఉండే అబ్బాయివి నువ్వేనా?"

"ఉండేవాణ్ణండీ. ఇప్పుడు గది తీసుకున్నాను."

"ఎవరైనా చెప్తే తీసుకున్నావా?"

"లేదండీ. నేనే."

ముసలావిడ పకపకా నవ్వింది. "వినండ్రా! మీ నాన్న గొర్రెల వెంట బండిలోనే బతికేవాడు. ఆ మనిషిని బండి దింపి ఇంట్లో కూర్చోబెట్టడానికి నాకు మూడు వేసవులు పట్టింది. వీడు తనంతట తానే దిగాడు. ఇంకేం చూస్తావే మైటే?"

"అమ్మమ్మా! తినేటప్పుడు ఆ మాటలేంటి?" అంది మైటే. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

కార్బిన్ ఎడమచేత్తో మాంసం కోయబోయాడు. కత్తి జారింది, ముక్క పళ్ళెంలో గిర్రున తిరిగింది. మేనమామలు నవ్వు ఆపుకున్నారు.

మైటే తన కుర్చీ అతని పక్కకి జరుపుకుంది. అతని పళ్ళెం తన ముందుకి లాక్కుని, మాంసమంతా చిన్నచిన్న ముక్కలు కోసి, మళ్ళీ అతని ముందు పెట్టింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా అటే తిరిగి చూశారు.

"ఏంటి, అందరూ అలా చూస్తారు?" అందామె తలెత్తి. "నావాడికి చెయ్యి బాగాలేదు."

అమ్మమ్మ వైను సీసా అతని వైపు జరిపింది.