బల్ల తుడిచిన చెయ్యి

"నా బల్ల ఎవరు ముట్టుకున్నారు?"

వేసవి వర్క్‌షాప్ గదిలో అడుగు పెట్టీ పెట్టగానే డైరెక్టర్ కేక. చదివేది కామర్సే అయినా మనసంతా బొమ్మల సినిమాల మీదే కాబట్టి కాలేజీలో అందరూ ఆమెని అలాగే పిలుస్తారు.

మూలనున్న ఆమె ప్రాజెక్టు జోడీ చేతిలోని గుడ్డ వెనక్కి దాచుకున్నాడు. ఎక్కడ దుమ్ము కనిపించినా అతని చెయ్యి ఊరుకోదు. అందుకే అతని పేరు డస్టర్.

"నేనే. పొద్దున్నే వచ్చి కాస్త తుడిచా. కెమెరా కూడా."

"తుడిచావా! బొమ్మని ఇసుమంత కదిపి ఒక ఫోటో, మళ్ళీ కదిపి ఇంకో ఫోటో. పన్నెండు రోజులుగా మనం చేస్తున్నది ఇదేగా! చూడు, ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు!"

పోట్లాడుకున్న మట్టి తాతయ్య, మట్టి బామ్మ బల్ల మీది బొమ్మల వీధికి చెరో చివర ఉండాలి. వాళ్ళు మళ్ళీ కలిసే సీను ఇంకా తీయనేలేదు. ప్రదర్శన ఆ సాయంత్రమే.

"ఇప్పుడే మొదలుపెడితే?"

"రెండొందల ఫోటోలు! సినిమా నచ్చితేనే కోర్సు మారడానికి సంతకం పెడతానన్నారు నాన్న. నచ్చకపోతే ఇక ఆ మాటే ఎత్తకూడదట. నువ్వు అవతలికి పో."

అతను మెట్ల మీద కూలబడ్డాడు. పన్నెండు రోజులుగా ఆమెకి చెప్పాలనుకుంటున్న మాట ఒకటుంది. ఇక దానికి నీళ్ళొదులుకోవాల్సిందే అనుకున్నాడు.

గంట గడిచింది.

"ఒరేయ్ డస్టర్, ఇలా రా!"

అతను కెమెరా తుడుస్తున్నప్పుడు ఏ బటన్ నొక్కుకుందో ఏమో, అది తనంతట తానే ఫోటోలు తీస్తూ పోయింది. తెర మీద ఒక పెద్ద చెయ్యి వచ్చి బామ్మని ఎత్తింది. మోకాలి మీది దుమ్ము దులిపి తాతయ్య పక్కన పెట్టింది. చాలదనుకుని ఇంకొంచెం దగ్గరికి జరిపింది. తర్వాత అతని ముఖం వంగింది.

"ఇక్కడ వాళ్ళతో ఏదో అంటున్నావు. ఏంటది?"

"ఏం లేదు."

"చెప్పు."

"మీరైనా మాట్లాడుకోండి, నాకెలాగూ ధైర్యం లేదు... అన్నా."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "కూర్చో. ముగింపు ఇదే. ఎడిట్ చేద్దాం."

సాయంత్రం ఆమె నాన్న ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తెర మీదకి చెయ్యి రాగానే హాలంతా గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు. చీకట్లో ఆమె డస్టర్ మణికట్టు గట్టిగా పట్టుకుంది. బామ్మని రెండోసారి జరిపేసరికి ఆయన పకపకా నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

లైట్లు వెలిగాక అడిగాడు.

"ఆ చెయ్యి ఎవరిది?"

"నాదే అంకుల్."

"రెండోసారి జరిపావు చూడు, అక్కడ ఆగలేకపోయానయ్యా." కూతురి వైపు తిరిగాడు. "ఫారం ఏదమ్మా?"

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఆయన కుర్చీ చేతి మీద కాగితం పెట్టుకుని వివరాలు నింపుతుంటే డస్టర్ దగ్గరికొచ్చింది.

"నువ్వన్నదానికి నేనేం చెప్పలేదు కదూ?"

"లేదు."

"రేపు ఆఫీసులో ఫారం ఇవ్వాలి. తోడు రా, దారిలో చెప్తా."

"ఇప్పుడే చెప్పొచ్చుగా?"

"నాన్నున్నారు."

ఆయన తల ఎత్తకుండానే రాసుకుంటూ అన్నాడు. "నాకేం వినపడదులే తల్లీ. చెప్పేసెయ్."

ఆమె చెప్పేసింది.