పచ్చ రంగులో లిఖిత

కొత్తరేవు నగరంలో కంట్రోల్ రూమ్ గోడంత తెర మీద, లిఖిత అనే పదకొండేళ్ళ పిల్ల పేరు చుట్టూ ఎర్ర గీత ఒకటి బిగుసుకుంటోంది.

"కిడ్నాప్‌కి ముందు సరిగ్గా ఇలాగే ఉంటుంది," అన్నాడు డాక్టర్ ఇస్మాయిల్. ఆ గీత గీసిన యంత్రాన్ని తయారుచేసింది ఆయనే.

దాని పేరు 'వలయం'. కొత్త చట్టం ప్రకారం టెలికాం కంపెనీలు తమ కస్టమర్ల కాల్ డేటాను ఎప్పటికప్పుడు పోలీసులకు పంపాలి. ఎవరు ఎవరికి చేశారు, ఎంతసేపు, ఏ టవర్ కింద నుంచి అన్నంతవరకే. ఏం మాట్లాడుకున్నారన్నది పంపకూడదు, అది వాళ్ళ సొంత విషయం. ఆ డేటాతో వలయం మనుషుల మధ్య గీతలు గీస్తుంది. ఆ గీతలు ఒకే పిల్ల చుట్టూ కమ్ముకుంటే ఆ పేరు చుట్టూ ఎర్ర గీత పడుతుంది.

లిఖిత చేతి వాచీలో సిమ్ ఉంది కాబట్టి, ఆ పిల్ల ఏ టవర్ కింద ఉందో వలయానికి తెలుస్తుంది. ఆ పిల్ల బడికి చేరగానే మస్కట్ నంబరొకటి బడి వాచ్‌మన్‌కి ఫోన్ చేస్తోంది. ట్యూషన్‌కి వెళ్ళగానే ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకి. ఇంటికి బయల్దేరగానే ఆటో డ్రైవర్‌కి. రోజూ ఇదే వరస.

ఎస్.ఐ. గౌతమి ఆటో డ్రైవర్ తాతారావుని పిలిపించింది.

"ఆ మస్కట్ మనిషెవరు?"

"పాప వాళ్ళమ్మండి. సుభాషిణి గారు. అక్కడ ఆస్పత్రిలో నర్సండి."

"నీకెందుకు చేస్తుంది?"

"పాప ఎక్కిందా అంటారండి. ఎక్కిందండి అంటాను. వానొస్తే పరదా దించావా అంటారండి. మా ఆవిడ కూడా నన్నిన్ని ప్రశ్నలు అడగదండి."

గౌతమి మస్కట్‌కి వీడియో కాల్ చేసింది. సుభాషిణి నర్సు యూనిఫాంలోనే ఉంది.

"నా కూతురి గురించి నేను అడిగితే తప్పాండి?"

"పాపకే చేయొచ్చుగా అమ్మా?"

"దానికీ చేస్తానండి. బానే ఉన్నానంటుంది. మొన్న జ్వరంతో పడుకుని కూడా అదే మాట. ఇంట్లో ఉండేది మా అమ్మ, ఆవిడకి ఫోన్లో వినపడదు. ఇంకెవర్ని అడగాలి నేను?"

కాల్ ముగిశాక గౌతమి ఇస్మాయిల్ వైపు తిరిగింది. "తల్లికీ పిల్లల్ని ఎత్తుకెళ్ళేవాడికీ తేడా తెలీదా సార్ మీ మిషన్‌కి?"

"తేడా మాటల్లో ఉందమ్మా. మాటలు మన దగ్గరికి రావు."

"పోనీ, ఆ ఎర్ర గీత చేత్తో చెరిపేయండి."

"చట్టం ఒప్పుకోదు. మనకి తెలిసినవాళ్ళ గీతలు చెరిపేస్తామేమోనని అలా పెట్టారు. కాల్స్ ఆగిపోతే దానంతటదే పోతుంది."

అంటే, తల్లి అడగడం మానేస్తే. ఆ సంగతి అప్పుడే తట్టినట్టు ఇస్మాయిల్ కళ్ళజోడు తీసి, తుడవకుండానే మళ్ళీ పెట్టుకున్నాడు.

ఈలోగా టెలికాం కంపెనీ నుంచి ఆ ముగ్గురికీ మెసేజ్ వెళ్ళిపోయింది: 'మీకు ఫోన్ చేస్తున్న నంబరు పోలీసు నిఘాలో ఉంది.' వాచ్‌మన్ ఆ నంబరు బ్లాక్ చేశాడు. జిరాక్స్ షాపు వాళ్ళు ఎత్తడం మానేశారు. "పిల్లలు గలవాణ్ణండి, ఏమనుకోకండి," అని తాతారావు ఒకసారి చెప్పి, ఆ తర్వాత అతనూ ఎత్తలేదు.

కొద్దిరోజుల్లోనే ఎర్ర గీత కరిగిపోయింది. లిఖిత పేరు పచ్చబడింది. పక్కన వలయం ఇలా రాసింది: 'ప్రమాదం లేదు. ఈ బాలిక చుట్టూ కాల్స్ లేవు.'

ఒక సాయంత్రం పెద్ద వాన. సుభాషిణి కంట్రోల్ రూమ్‌కే ఫోన్ చేసింది.

"ట్యూషన్ వదిలి చాలాసేపైందండి. లిఖిత వాచీ ఎత్తడం లేదు. మీకు అన్నీ తెలుస్తాయి కదా, ఒక్కసారి చూసి చెప్తారా?"

గౌతమి వెంటనే తాతారావుకి చేసింది. పోలీసు నంబరు చూసి అతను ఫోన్ ఆపేసుకున్నాడు. ఆమె జీపు తీసుకుని వానలోకి బయల్దేరింది. సుభాషిణి లైన్లోనే ఉంది. ఇస్మాయిల్ తెర వైపు చూశాడు.

"రేవుపేట టవర్ పరిధిలో ఉందమ్మా పాప. పేరు పచ్చగానే ఉంది. భయం లేదు."



"టవర్ పరిధిలో అంటే," అంది సుభాషిణి, "ఇంట్లోనాండి, రోడ్డు మీదాండి?"