దివాను కింద డల్సీ

"ఏదీ మరి? షేక్‌హ్యాండ్ ఇస్తుందన్నావు. మాకు తోక కూడా కనబడ్డం లేదు," అన్నాడు డెక్లన్.

బ్రైడీ వంటింటి నేల మీద బోర్లా పడుకుని దివాను కిందికి చూస్తోంది. లోపల గోడ మూలకి అతుక్కుపోయి ఉంది డల్సీ. గోధుమరంగు కుక్క. చెవులు వెనక్కి వాల్చేసి, మొహం పక్కకి తిప్పేసుకుంది. ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది.

డల్సీ ఆ ఇంటికి వచ్చింది చలికాలం చివర్లో. పట్నంలో, దిక్కులేని కుక్కల్ని చూసుకునే షెల్టర్ నుంచి బ్రైడీ వాళ్ళమ్మ నొరీన్ తెచ్చింది. అంతకుముందు ఎక్కడ పెరిగిందో, ఏం పడిందో ఎవరికీ తెలియదు. పెద్దవాళ్ళ దగ్గర కొంచెం నయం. పిల్లల గొంతు వినబడితే మాత్రం దివాను కిందికి దూరిపోయేది. అది అక్కడున్నప్పుడు ఎవరూ దాని జోలికి వెళ్ళకూడదని అమ్మ గట్టిగా చెప్పింది.

అమ్మ రోజూ క్లినిక్‌లో పని ముగించుకుని రాగానే నేల మీద కూర్చుని, దివాను వైపు వీపు పెట్టి టీ తాగేది. డల్సీని పిలిచేది కాదు. దాని వంక చూసేది కూడా కాదు. కాసేపటికి డల్సీ మెల్లగా బయటికొచ్చి అమ్మ మోచెయ్యి వాసన చూసేది.

బ్రైడీ దగ్గరికి మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. బ్రైడీకి మింగుడుపడని సంగతి అదే. ఎన్ని బిస్కెట్లు చూపించినా, ఎంత ముద్దుగా పిలిచినా రాదు. ఆ ఉక్రోషంలోనే స్కూల్లో కోతలు కోసింది. డల్సీ తన మంచం మీదే పడుకుంటుందని, అడిగితే షేక్‌హ్యాండ్ ఇస్తుందని చెప్పింది. అది చూద్దామనే ఈ శనివారం డెక్లన్, వాడి చెల్లెలు టెస్ వచ్చి కూర్చున్నారు. అమ్మ క్లినిక్‌లో ఉంది. నాన్న పీతల వేటకి పడవ మీద వెళ్ళాడు. నానమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది.

"ఊరికే డబ్బా కొట్టుకున్నావని సోమవారం అందరికీ చెప్తానుండు," అన్నాడు డెక్లన్ నవ్వుతూ.

బ్రైడీకి చెవులు వేడెక్కాయి. చెయ్యి లోపలికి చాచింది. మెడపట్టీ వేళ్ళకి తగిలింది. పట్టుకుని లాగింది.

డల్సీ గోళ్ళు నేల మీద గీసుకుపోయాయి. దాని గొంతులోంచి గుర్రుమని చిన్న శబ్దం వచ్చింది. బ్రైడీ ఆ శబ్దం ఎప్పుడూ వినలేదు. వదిలేయాల్సింది. వదల్లేదు. ఇంకా గట్టిగా లాగింది.

కుక్క బయటికి రాగానే టెస్ చప్పట్లు కొడుతూ కేరింతలు పెట్టింది. తల నిమరబోయి డెక్లన్ ఒంగాడు. మరుక్షణం డల్సీ పళ్ళు టక్కుమన్నాయి. డెక్లన్ చొక్కా చెయ్యి చిరిగింది. మణికట్టు మీద ఎర్రటి గీత పడింది. టెస్ ఏడుస్తూ తలుపు తీసి బయటికి పరిగెత్తింది. ఆ సందులోంచే డల్సీ కూడా దూసుకుపోయింది.

"డల్సీ! ఆగు!"

బ్రైడీ కోటు కూడా వేసుకోకుండా వెంటపడింది. తను ఎంత అరిస్తే కుక్క అంత వేగంగా పోతోంది. కంచె దాటింది. వలలు ఆరబెట్టే షెడ్డు దాటింది. సముద్రం ఒడ్డున రాళ్ళ మీదికి దూకింది. ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి గెంతుతూ, చిట్టచివర బల్లపరుపు రాయి మీదికి చేరింది. దాని తర్వాత సముద్రమే.

ఆ రాయి సంగతి ఊళ్ళో పిల్లలందరికీ తెలుసు. పోటు వచ్చినప్పుడు ముందు దాని చుట్టూ నీళ్ళు చేరతాయి. తర్వాత రాయి మొత్తం మునిగిపోతుంది. అప్పటికే పోటు మొదలైంది.

బ్రైడీ ఇంకో అడుగు ముందుకేసింది. డల్సీ వెనక్కి జరిగింది. దాని వెనకకాలు నాచు మీద జర్రున జారింది. ఎలాగో నిలదొక్కుకుంది. బ్రైడీ ఉన్నచోటే ఆగిపోయింది.

అది సముద్రంలోకి వెళ్ళాలని వెళ్ళడం లేదు. నా నుంచి పారిపోతోంది. ఆ మాట ఎవరూ చెప్పలేదు, దానంతటదే తట్టింది.

అప్పటికి నానమ్మ ఒడ్డుకి చేరుకుంది. వెనకాలే డెక్లన్, టెస్ వచ్చి డల్సీ పేరు పెట్టి కేకలేస్తున్నారు. ఇంటికెళ్ళి బిస్కెట్లు తెస్తానని ఒకరు, తాడు తెస్తానని ఒకరు.

బ్రైడీ వెనక్కి తిరిగి గొంతు తగ్గించి చెప్పింది. "అరవకండి. దయచేసి. అక్కడే కూర్చోండి, దాని వైపు చూడకండి."

తర్వాత నానమ్మని అడిగింది, తను కాసేపు ఇక్కడే కూర్చోవచ్చా అని. నానమ్మ నీటి వైపు చూసింది. కుక్క వైపు చూసింది. బ్రైడీ పక్కన ఉన్న నల్లరాయి చూపించింది.

"నీళ్ళు దీన్ని తాకాయంటే, కుక్క వచ్చినా రాకపోయినా నువ్వు పైకి రావాలి. నేను పిలిచానంటే మళ్ళీ మాట ఉండకూడదు, అమ్మడూ."

బ్రైడీ తల ఊపింది. తడిరాతి మీద, కుక్క వైపు వీపు పెట్టి కూర్చుంది. అమ్మ కూర్చున్నట్టే.

అంత కష్టమైన పని ఆమె ఎప్పుడూ చెయ్యలేదు. గాలి స్వెట్టర్లోంచి ఎముకల దాకా దూరుతోంది. వెనక ఏం జరుగుతోందో తెలియదు. ఒక అల విరిగి నీళ్ళు చిమ్మిన చప్పుడు వినబడింది. డల్సీ పడిపోయిందేమో. తిరిగి చూడాలని మెడ నరాలు లాగుతున్నాయి. తిరగలేదు. నానమ్మ మొహం వైపే చూస్తూ కూర్చుంది. నానమ్మ మాత్రం నీటినే చూస్తోంది, పెదాలు బిగించి.

నీళ్ళు నల్లరాయికి జానెడు దూరంలోకి వచ్చాయి. నానమ్మ ఒక చెయ్యి పైకెత్తింది, ఇక పిలవబోతున్నట్టు. మళ్ళీ ఆ చెయ్యి గాల్లోనే ఆగింది.

రాతి మీద గోళ్ళ చప్పుడు. కాస్త ఆగి, మళ్ళీ చప్పుడు. మోచేతికి చల్లగా, తడిగా ఏదో తగిలింది.

మెడపట్టీ చేతికి అందేంత దూరంలో ఉంది. పట్టుకుంటే చాలు, భయం తీరిపోతుంది. బ్రైడీ రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుంది. మెల్లగా లేచి, వెనక్కి చూడకుండా ఒక్కో రాయీ దాటుతూ ఇంటి వైపు నడిచింది. వెనక గోళ్ళ చప్పుడు వస్తూనే ఉంది. షెడ్డు దాటేదాకా ఎవరూ నోరు విప్పలేదు.

కానీ అంతటితో అయిపోలేదు. సాయంత్రం డెక్లన్ వాళ్ళమ్మ రీటా ఆంటీ వచ్చింది. కొడుకు చెయ్యి చూపించి, కరిచే కుక్కని పిల్లలున్న ఇంట్లో ఎలా ఉంచుకుంటారని అమ్మని నిలదీసింది. తిరిగి షెల్టర్‌కి పంపేయడమే మంచిదంది. అమ్మ తల వంచుకుని వింటోంది. ఎలా జరిగిందని ఇంతవరకూ బ్రైడీని ఎవరూ అడగలేదు. డెక్లన్ కూడా నేల చూపులు చూస్తున్నాడు.

బ్రైడీ నోరు మూసుకుంటే తనకేం కాదు. దివాను కింద ఉన్నదానికే నోరు లేదు.

"అది ఊరికే కరవలేదు ఆంటీ," అంది. "నేనే మెడపట్టీ పట్టి లాగాను. అది గుర్రుమంది, అయినా వదల్లేదు. షేక్‌హ్యాండ్ ఇస్తుందని నేను అబద్ధం చెప్పాను. దానికి నేనంటేనే భయం."

అమ్మ స్టవ్ మీంచి కెటిల్ దించింది. తర్వాత డెక్లన్, కుక్కని బయటికి లాగేలా రెచ్చగొట్టింది తనేనని గొణిగాడు. రీటా ఆంటీ కుర్చీలో కూలబడింది. అమ్మ ఆమెకి టీ పోసింది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. డల్సీని పంపరు, కానీ పెద్దవాళ్ళు లేనప్పుడు పిల్లలెవరూ దాని దగ్గర ఉండకూడదని తేల్చారు. బ్రైడీని అమ్మ తిట్టలేదు. అలాగని దగ్గరికీ తీసుకోలేదు. చెయ్యి కడుక్కుని భోజనానికి రమ్మంది, అంతే. ఆ రాత్రి బ్రైడీకి అన్నం సహించలేదు.

కొన్ని వారాలకి డెక్లన్, టెస్ మళ్ళీ వచ్చారు. అమ్మ స్టవ్ దగ్గర చేప ముక్కలు వేయిస్తోంది. బ్రైడీ ఇద్దరినీ నేల మీద, దివాను వైపు వీపు పెట్టించి కూర్చోబెట్టింది. తనూ టీ కప్పు పట్టుకుని వాళ్ళ మధ్య కూర్చుంది. ఏం చెయ్యాలని టెస్ గుసగుసగా అడిగింది. ఏమీ చెయ్యకూడదంది బ్రైడీ.

"ఏమీ చెయ్యకపోవడం భలే విసుగే," అన్నాడు డెక్లన్ మెల్లగా.

"విసుగ్గానే ఉంటుంది. కూర్చో."

టీ చల్లారిపోయింది. టెస్ కాళ్ళు తిమ్మిరెక్కాయి. అప్పుడు దివాను కింద కదలిక వినబడింది. డల్సీ ముక్కు బయటికొచ్చింది, తర్వాత తల. డెక్లన్ బూటు వాసన చూసింది. వాడి చెయ్యి దానంతటదే పైకి లేచింది, నిమరడానికి.

బ్రైడీ ఆ చేతి మీద తన చెయ్యి వేసి, నెమ్మదిగా కిందికి దించి, అలాగే పట్టుకుని కూర్చుంది.

డల్సీ ఇంకోసారి బూటు వాసన చూసి, తనంతట తానే వెనక్కి వెళ్ళిపోయింది.

"అంతేనా?" అన్నాడు డెక్లన్.

"ఈరోజుకి అంతే," అంది బ్రైడీ.