వంతెనకి అటువైపు

పిల్లలూ, మీ మామయ్య గురించి ఈ సంగతి మీకు ఎప్పుడూ చెప్పలేదు. భయపడతారని దాటేస్తూ వచ్చాను. ఇక చెప్పక తప్పదు.

ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి మామయ్య ఆఫీసులో కిటికీ లేని చిన్న గదిలో కూర్చున్నాడు. చుట్టూ వైర్లు, వేడెక్కిన దుమ్ము వాసన. పని చిన్నదే. దూరపు ఊళ్ళో ఉన్న పాత శాఖని ఇక్కడి నెట్‌వర్క్‌తో కలపాలి. నాలుగింటికి బడి దగ్గర ఆరేళ్ళ కూతురు ఎదురుచూస్తుంది. దాన్ని తీసుకురావడానికి ఆయన తప్ప ఎవరూ లేరు.

రౌటర్ మామూలుగా కాపలాదారులాంటిది. ఎవరు, ఎక్కడికి అని అడిగి పంపుతుంది. దాని బదులు బ్రిడ్జి, అంటే వంతెన, పెడితే ఆ అడగడం ఉండదు. రెండు ఊళ్ళూ ఒకే గది అయిపోతాయి.

మామయ్య బ్రిడ్జి పెట్టాడు.

వెంటనే తలుపు తాళం టక్కున పడింది. అదీ ఆ నెట్‌వర్క్ మీద నడిచేదే. కార్డు ఎన్నిసార్లు పెట్టినా పలకలేదు. సెల్‌ఫోన్‌కి ఆ గదిలో సిగ్నల్ అందదు. బల్ల మీది ఫోన్ అవతలి శాఖకి తప్ప పోదు. అక్కడ ఆఫీసు చూసుకునే పెద్దావిడ ఎత్తింది.

"అమ్మా, లోపల ఇరుక్కుపోయాను. మావాళ్ళకి కాస్త కబురు చేస్తారా?"

"భలేవాడివే. నిన్ను నువ్వే బంధించుకున్నావా?" ఆవిడ నవ్వింది. "ఉండు, చెప్తాను."

మామయ్య తెర వైపు చూశాడు. ప్రతి యంత్రం అడ్రసూ, అది ఎటువైపు ఉందో కూడా బ్రిడ్జి తనంతట తానే తెలుసుకుని రాసుకుంటుంది. ఇటువైపు రెండు: ఆయన లాప్‌టాప్, తలుపు తాళం. అటువైపు పదకొండు.

"అమ్మా, అక్కడ కంప్యూటర్లు ఎన్నున్నాయి?"

"ఒక్కటీ లేదు బాబూ. ఎప్పుడో పట్టుకుపోయారు. ఉత్త హాలు."

అటువైపు పది. ఇటువైపు మూడు.

తొమ్మిది... నాలుగు.

గదిలో తడిసిన కాగితాల వాసన. మామయ్య కుర్చీ వెనక్కి జరపబోయాడు. దేనికో తగిలింది. గోడ ఇంకా రెండడుగుల దూరంలో ఉంది.

"బాబూ..." ఆవిడ గొంతు గుసగుసగా మారింది. "ఇన్నేళ్ళూ ఈ హాల్లో ఎవరో ఉన్నట్టే ఉండేది. అలవాటు పడిపోయాను. ఇప్పుడు... ఎవరూ లేరు."

అటువైపు సున్నా. ఇటువైపు పదమూడు.

మెడ మీద ఊపిరి.

అంకె మళ్ళీ కదిలింది. అటువైపు ఒకటి. ఆ అడ్రసు మామయ్య పోల్చుకున్నాడు. అది తన లాప్‌టాప్‌దే.

ఫోన్‌లో పెద్దావిడ మాట్లాడుతోంది. ఆయనతో కాదు. హాల్లో ఇంకెవరితోనో.

"ఎవరు బాబూ నువ్వు? లోపలికెలా వచ్చావు?"

మామయ్య వైరు పీకేశాడు. తలుపు తాళం టక్కున ఊడింది.

నాలుగింటికల్లా ఆయన బడి దగ్గరున్నాడు. కూతుర్ని ఇంటికి తీసుకొచ్చాడు. ఆ సాయంత్రం నాతో నవ్వుతూ మాట్లాడాడు కూడా.

వారం తర్వాత, ఆ పాత శాఖ ఉన్న ఊరి నంబరు నుంచి ఆయనే ఫోన్ చేశాడు. మీకిప్పుడు చెప్పిందంతా అప్పుడు విన్నదే. నేను ఏదడిగినా జవాబు ఒక క్షణం ఆలస్యంగా, ఎక్కడో దూరం నుంచి వచ్చింది. ఆఖర్న అడిగాడు.

"అక్కా... ఆ రోజు పాపని బడి నుంచి ఎవరు తీసుకొచ్చారు?"

ఆ పిల్ల మీకెక్కడైనా ఒంటరిగా కనిపిస్తే ఈ కథ దానికి చెప్పండి. నేను చెబుదామని ఎప్పుడు ఫోన్ చేసినా, మొదటి గంట పూర్తిగా మోగకముందే ఆ ఇంట్లో ఉన్న ఆయన ఎత్తేస్తున్నాడు.