పండుగనాటి తీర్మానం

మట్టిరోడ్డు మీద స్కూటీ ఎగిరెగిరి పడుతోంది. శ్రావణి యాక్సిలరేటర్ వదలడం లేదు.

యాభై గజాల ముందు నల్ల బైక్. నడిపేవాడి ముఖానికి తువ్వాల. వీపు మీద సంచి.

ఆ సంచిలో ఇప్పగుంపు గ్రామసభ తీర్మానాల పుస్తకం ఉంది!

పది నిమిషాల కింద ఆమె పంచాయతీ ఆఫీసు వెనక్కి వెళ్లి, మొహం కడుక్కుని వచ్చేసరికి బీరువా బార్లా తెరిచి ఉంది. బయట బైక్ స్టార్టయిన చప్పుడు. అంతే... ఉన్నపళాన ఉరికింది.

ఆమె ఆ ఊరి పంచాయతీ సెక్రటరీ. పుస్తకం పోతే ఉద్యోగం పోతుంది. అది చిన్న సంగతి. రేపు పదింటికి భద్రాచలంలో కొండ తవ్వకం మీద విచారణ. అక్కడికి పుస్తకం చేరకపోతే ఊరి కొండ పోతుంది. కంకర క్రషర్ వాళ్లు అప్పుడే పేల్చడానికి కొండకు బెజ్జాలు వేసి కాచుకుని కూర్చున్నారు.

కొండ కిందే ఆమె ఇల్లు. ఇంట్లో మంచం మీద అమ్మ గంగక్క.

ఆ బైక్ ఎవరిదో నంబరు చూడక్కర్లేదు. అన్న గణేష్‌ది.

"అన్నా... ఆగు!"

ఆగలేదు. బండిని టేకు చెట్ల మధ్యకు తిప్పాడు.

ఆమెకు ఒళ్లు మండిపోతోంది. ఏజెన్సీలో కొండ తవ్వాలంటే గిరిజనుడి పేరు కావాలి. అందుకే లైసెన్సుకు పేరు గణేష్‌ది. మిషన్లూ లారీలూ గిరిజనుడు కాని క్రషర్ ఓనరు వెంకటప్పయ్యవి. సొమ్ము ఊరిది, సోకు ఆయనది. సంతకం గీకి ఇచ్చినందుకు అన్నకు దక్కింది ఆ లారీల్లో ఒకదాని స్టీరింగు.

తవ్వకానికి పెట్టిన అర్జీ అన్న పేరున ఉంది. తవ్వుకోవచ్చన్న గ్రామసభ తీర్మానం కింద సర్పంచ్ సంతకం నాన్న సమ్మయ్యది. దాని పక్కన సెక్రటరీ సంతకం తనది. ఒక్క కొంపలోంచి మూడు సంతకాలు!

తను పెట్టలేదు. నాన్న కూడా పెట్టి ఉండడు. ఎవరి రుణమూ ఉంచుకోడు; ఎవరింట్లో చాయ్ తాగినా మర్నాడు పిలిచి తిరిగి తాగించే మనిషి ఆయన. అడిగితే తల అడ్డంగా ఊపాడు.

అసలు సొంత ఊళ్లో పోస్టింగ్ ఇవ్వరు. అమ్మకు బాగాలేదని ఆఫీసుల చుట్టూ తిరిగి ఆమే తెచ్చుకుంది. తండ్రి సర్పంచ్, కూతురు సెక్రటరీ ఏమిటని ఒకరిద్దరు గొణిగారు. రూలు తన కోసం వంగిన రోజు శ్రావణికి హాయిగానే ఉంది. ఇవాళ ఎవరిని తిట్టాలి?

కానీ దొంగలు ఒక తప్పు చేశారు.

తీర్మానానికి వేసిన తారీకు... భూమి పండుగ రోజు!

ఆ రోజు కోయ ఊళ్లో మగాడనేవాడు ఉండడు. అందరూ వేటకు అడవిలోకి పోతారు. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి పరువు తీస్తారు. మరి ఆ పూటే అరవై ముగ్గురు మగాళ్లు సభలో కూర్చుని వేలిముద్రలెలా వేశారు? పైకి పంపిన నకలులో తీర్మానం ఒక్కటే ఉంది. వేలిముద్రల పేజీ ఈ పుస్తకంలోనే ఉంది. అది చూపిస్తే చాలు, కొండ దక్కుతుంది.

ముందు వాగు!

బైక్ ఇసుకలో దిగబడింది. మనిషి ఎగిరి పడ్డాడు. శ్రావణి స్కూటీని అక్కడే పడేసి పరుగెత్తింది. వెనక నుంచి చొక్కా పట్టుకుంది. తువ్వాల లాగేసింది.

అన్న కాదు.

నాన్న!

సమ్మయ్య మోచేతి నుంచి రక్తం కారుతోంది. సంచిని పొట్టకు అదుముకుని కూర్చున్నాడు. రెండో చేతిలో అగ్గిపెట్టె.

"నువ్వా నాయినా?"

ఆయన అగ్గిపెట్టెను గుప్పిట్లో దాచుకున్నాడు. తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పాడు. గణేష్ లారీలో టేకు దుంగలు దొరికాయట. కేసు కాకుండా తప్పించింది వెంకటప్పయ్య. ఆ మేలు గుర్తుచేసి, రాసి తెచ్చిన తీర్మానం ముందు పెట్టి పుస్తకంలోకి ఎక్కించమన్నాడు. కాదంటే కొడుకు లోపలికి పోతాడు. సమ్మయ్య కాదనలేకపోయాడు.

"తారీకు మాత్రం నేనే ఏసిన బిడ్డా. పండుగని తెలిసే ఏసిన. మనోళ్లెవలు చూసినా దొంగ సభ అని పట్టుకుంటరనుకున్న."

"మరి పుస్తకం ఎందుకు ఎత్తుకొచ్చినవ్?"

"పక్కన నీ సంతకం ఉంది గద."

శ్రావణికి అప్పుడు గుర్తొచ్చింది.

పండుగ ముందు అమ్మను ఖమ్మం దవాఖానాలో చేర్చింది. పన్నెండు రోజులు అక్కడే. ఊళ్లో పింఛన్ల పని ఆగకూడదని పుస్తకంలో ఒక ఖాళీ పేజీ మీద, విడిగా మూడు లెటర్‌హెడ్ల మీద సంతకాలు పెట్టి, బీరువా తాళం సర్పంచ్‌కు ఇచ్చి వెళ్లింది. వేరే సర్పంచ్ అయితే ఇచ్చేది కాదు. నాన్న కాబట్టి ఇచ్చింది. దొంగ తీర్మానం ఎక్కింది ఆ ఖాళీ పేజీ మీదే.

"రేపు గీ పుస్తకం తెరిస్తే నా కంటే ముందు నువ్వు జైలుకు పోతవ్. కొండ పోతే పోనీ. కొండను నేను కన్ననా?"

ఆమెకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. తన మీదా, ఆయన మీదా. అగ్గిపెట్టె లాక్కుని నీళ్లలోకి విసిరేసింది. సంచి భుజానికి తగిలించుకుంది.

"ఇద్దరం పోదాం నాయినా. ఇప్పుడే భద్రాచలం పోయి పుస్తకం ఇచ్చేద్దాం."

సమ్మయ్య బతిమాలాడు. తిట్టాడు. చివరికి లేచి, కుంటుకుంటూ వచ్చి స్కూటీ వెనక కూర్చున్నాడు.

ఫోన్ మోగింది. గణేష్!

"చెల్లె... అమ్మను ఎత్తుకొని బయటికొచ్చిన. బెజ్జాలల్ల మందు కూరిండ్రు. ముసలోళ్లు ఇంకా ఇండ్లల్లనే ఉన్నరు. చెప్తే ఆగుతలేరు."

"రేపు విచారణ ఉంది కదా... ఎట్ల పేలుస్తరు?"

"విచారణ పొద్దుగాలనే మూసేసిండ్రట. సెక్రటరీ వివరణ అందిందట. సభ మంచిగనే జరిగిందని రాసిచ్చినవట... పంచాయతీ లెటర్‌హెడ్ మీద, నీ సంతకంతోని. నిజమేనా చెల్లె?"

శ్రావణి వెనక్కి తిరిగింది.

"ఆ మూడు లెటర్‌హెడ్లు ఏవి నాయినా?"

సమ్మయ్య ఆమె ముఖం చూడలేదు.

"అడిగిండ్రు... ఇచ్చిన."

ఫోన్లో పేలుడు!

గణేష్ ఏదో అరుస్తున్నాడు. మాట తెలియడం లేదు. వెనక ఆడవాళ్ల కేకలు. పది సెకన్ల తర్వాత అదే పేలుడు అడవి మీదుగా వాగు దాకా వచ్చింది.